వాగు అవతల కాంపౌండరు గారు

మొన్న గురువారం రెండో పీరియడ్ జరుగుతుండగా జగ్గయ్యపేట నుంచి వచ్చే బస్సు మా నందిగామ స్కూలు గేటు ముందు ఆగింది. అక్కడ స్టాపు లేదు. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి నన్ను పిలిపించి, "మాస్టారూ, మీ కాంపౌండరు గారు తెల్లవారుజామున పోయారంటండి. మీకు చెప్పమని పేట డ్రిల్లు మాస్టారు కబురు పెట్టారు," అన్నాడు. విజిల్ వేశాడు. బస్సు కదిలిపోయింది. నేను క్లాసులోకి తిరిగి వెళ్ళి, బోర్డు మీద సగంలో ఆపిన లెక్క పూర్తి చేశాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. సుద్దముక్క బల్ల మీద పెట్టాక చూసుకుంటే, నా కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీద ఉన్నాయి.

ఆయన పేపర్లో పేరు పడే మనిషి కాదు. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు డాక్టరు గారి దగ్గర ముప్ఫై ఏళ్ళు మందులు కలిపారు, సూదులు వేశారు, కట్లు కట్టారు. పేటలో నా ఈడు వాళ్ళలో సగం మందికి ఆయన చేతి సూది గుర్తుంటుంది. సూది వేసే ముందు ఏ కాంపౌండరైనా పిల్లలతో చీమ కుట్టినట్టు ఉంటుందని చెప్తాడు. ఈయన అలా అనరు. "నొప్పి పుట్టుద్ది. ఐదు అంకెలు లెక్కపెట్టు, తగ్గిద్ది," అనేవారు. పిల్లలు ఏడుస్తూనే లెక్కపెట్టేవాళ్ళు. నిజంగానే ఐదుకి తగ్గేది.

నా మొదటి ఉద్యోగం పేట హైస్కూల్లో. ఇరవై మూడేళ్ళవాణ్ణి. ఆ క్లినిక్‌కి ఎదురుగా మేడ మీద గది అద్దెకి తీసుకున్నాను. తెల్లవారుతూనే ముగ్గురు పెద్దమనుషులు నిక్కర్లు వేసుకుని వీధి వెంట పరిగెత్తుకుంటూ పోవడం, గంటన్నర తర్వాత మోకాళ్ళ దాకా బురదతో తిరిగి రావడం కిటికీలోంచి చూసేవాణ్ణి. ఆ రోజుల్లో పరుగంటే పోలీసు సెలక్షన్లకి వెళ్ళే కుర్రాళ్ళు చేసే పని. యాభై దాటినవాళ్ళు పరిగెత్తడం పేటలో ఎవరూ ఎరగరు. ఒకరోజు ఆగలేక కిందికి దిగి, "నేనూ రావచ్చాండీ?" అని అడిగాను. ముగ్గురిలో సన్నగా, పొడుగ్గా ఉన్నాయన మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకున్నారు. నిక్కరు జేబులోంచి రుమాల్లో చుట్టిన గడియారం తీశారు. దానికి పట్టీ లేదు. పెదాలు కదుపుతూ నిమిషం పాటు లెక్కపెట్టి, "అరవై ఎనిమిది. రా," అన్నారు. అలా నాకు ఆయనతో పరిచయం.

రెండో ఆయన డ్రిల్లు మాస్టారు. మా పేట స్కూలే. మాట్లాడితే ఆజ్ఞ ఇచ్చినట్టు ఉంటుంది. ఆగడం చేతకాదు. మూడో ఆయన బట్టల కొట్టు శెట్టిగారు. షుగరు బయటపడ్డాక డాక్టరు గారు నడవమంటే, కాంపౌండరు గారు ఆయన్ని నడిపించి, నడిపించి, పరుగులోకి దించారు. మొదట్లో పంచె ఎగ్గట్టి పరిగెత్తేవారట. తర్వాత కొట్టు అరుగు మీది టైలరు చేత రెండు ఖాకీ నిక్కర్లు కుట్టించుకున్నారు. బజార్లో ఎవరైనా, "ఎవరు తరుముతున్నారండీ శెట్టిగారూ?" అంటే, "షుగరు తరుముతుందయ్యా, ఆగితే పట్టుకుద్ది," అని నవ్వుతూ సాగిపోయేవారు. మా నలుగురిలో ఆయనే ఎక్కువ మాట్లాడేవారు. ఆయనే నెమ్మదిగా పరిగెత్తేవారు. నన్ను "అల్లుడూ" అని పిలిచేవారు. తనకు కూతుళ్ళు లేరు గనక ధైర్యంగా పిలుస్తున్నానని చెప్పేవారు.

ఆదివారాలు గుట్టకి వెళ్ళేవాళ్ళం. ఊరు దాటి మూడు మైళ్ళు చేల గట్ల మీద పరుగు. ఆ తర్వాత ఒక వాగు. వాగు అవతల సున్నపురాయి క్వారీ, దాని పక్కన గుట్ట. పైకెక్కి, కాసేపు కూర్చుని, దిగి రావడం. ఎండాకాలం అది హాయైన పనే. వానాకాలం వేరు. మా వైపు నల్లరేగడి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. అది తడిస్తే జారదు, పట్టుకుంటుంది. నాలుగడుగులు వేసేసరికి ఒక్కో కాలికి రెండు శేర్ల మట్టి అంటుకుంటుంది. విదిలిస్తే పోదు. కాలు ఎత్తిన ప్రతిసారీ కింద నుంచి ఎవరో వద్దని లాగుతున్నట్టు ఉంటుంది. గుట్ట మీద ఎర్రమట్టి, గులకరాళ్ళు. అది పట్టుకోదు, జారుస్తుంది. "ఎక్కేటప్పుడు కాళ్ళ మాట వినాలి, దిగేటప్పుడు కళ్ళ మాట వినాలి," అనేవారు కాంపౌండరు గారు. ఒంటికి అబద్ధం చెప్తే అది గుర్తుపెట్టుకుంటుందని కూడా అనేవారు. పైకి ఎక్కాక అందరి నాడీ చూసేవారు. బాగుంది, బాగాలేదు అని ఏనాడూ అనలేదు. అంకె చెప్పి ఊరుకునేవారు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది శ్రావణమాసంలో వారం పాటు ముసురు పట్టింది. ఆదివారం పొద్దున వాన లేదు. కానీ తెరిపి ఇచ్చినట్టు కూడా లేదు. గాలి ఆగిపోయింది. ఆకు కదలడం లేదు. అంత తడిలో కప్పలు కూడా అరవడం లేదని ఊరు దాటాక గమనించాను. కాంపౌండరు గారు ఇంకో వారం ఆగుదామన్నారు. "వారం నుంచి గదుల్లో కూచున్నాం. పదండి, పదండి," అన్నారు డ్రిల్లు మాస్టారు. పదమన్నాక పోవడమే మాకు అలవాటు.

చేల మధ్యలో, గుట్ట మీద మేకలు మేపే ముసలాయన ఎదురొచ్చాడు. మంద మొత్తాన్ని తోలుకుని వస్తున్నాడు. అది మంద పైకి పోవలసిన వేళ.

"ఏంది పెద్దాయనా, అప్పుడే దించావ్?" అని అడిగారు కాంపౌండరు గారు.

"పైన బాలేదయ్యా. మేకలు నిలబడట్లేదు," అన్నాడతను. ఆగకుండానే అన్నాడు. మేకలు మా కాళ్ళ మధ్య నుంచి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, చప్పుడు లేకుండా పోయాయి.

వాగులో నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. అవతలికి దాటాక కాంపౌండరు గారు ఒక కంపపుల్ల విరిచి, నీళ్ళ అంచున గుచ్చారు. తిరిగొచ్చేటప్పుడు నీళ్ళు ఎంత పెరిగాయో తెలియడానికి. ఆయన అలా చేయడం నేను మొదటిసారి చూశాను. ఆదివారం గనక క్వారీలో పని లేదు. తవ్విన గోతుల్లో నీళ్ళు నిండి, అంచు ఏదో లోతేదో తెలియకుండా, తెల్లగా పరుచుకుని ఉన్నాయి.

గుట్ట మొదట్లో ఆగాం. శెట్టిగారు రాయి మీద కూర్చుండిపోయారు. మాట్లాడటం లేదు. చెమట పట్టిన ముఖం సున్నం వేసిన గోడలా ఉంది. కాంపౌండరు గారు నాడీ పట్టుకుని చాలాసేపు చూశారు. గడియారం జేబులో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ చూశారు.

"నూట ముప్ఫై రెండు. పది నిమిషాలైనా దిగలేదు. నువ్విక్కడే కూచో శెట్టీ. మేం ఎక్కి వస్తాం."

శెట్టిగారు నా వంక చూశారు. ఆయన చూపులో ఏముందో ఆనాడు ఆలోచించలేదు. ఇప్పుడు తెలుసు. కూర్చుంటానని చెప్పడానికి ఆయనకు ఎవరో ఒకరి తోడ్పాటు కావాలి. నేను నవ్వి, "పోయినసారి నన్ను దాటి ఎక్కుతానన్నారుగా మావయ్యా. అప్పుడే మర్చిపోయారా?" అన్నాను.

అంతే. ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు. "మర్చిపోలేదు అల్లుడూ. పద, చూపిస్తా," అన్నారు. డ్రిల్లు మాస్టారు అప్పటికే ఎక్కడం మొదలుపెట్టారు. కాంపౌండరు గారు నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, ఏమీ అనకుండా శెట్టిగారి వెనక నడిచారు.

పైకి ఎక్కాం. శెట్టిగారు కూడా ఎక్కారు. నన్ను దాటలేదు గానీ ఎక్కారు. పైన నిలబడితే మామూలుగా హైవే మీద లారీలు, చిల్లకల్లు ఇళ్ళు కనిపిస్తాయి. ఆ రోజు అవి ఉన్నాయి గానీ వాటి వెనక ఏమీ లేదు. ఉత్తరాన, ఖమ్మం వైపు, నేలకీ మబ్బుకీ మధ్య గీత చెరిగిపోయింది. అటు నుంచి ఆగకుండా ఒక మోత. ఉరుము కాదు. ఉరుమైతే ఆగుతుంది.

"అక్కడ పడతంది. ఇక్కడ చినుకు లేకపోయినా వాగు వచ్చిద్ది. దిగుదాం. గుంపుగా దిగుదాం, ఎవరూ ముందుకు పోవద్దు," అన్నారు కాంపౌండరు గారు.

నేను ముందుకు పోయాను. కారణాలు చాలా చెప్పుకున్నాను తర్వాత. కుర్రవాణ్ణి, కాళ్ళు ఆగలేదు, జారుడులో నెమ్మదిగా దిగడం ఇంకా కష్టం, ఇలాంటివి. అసలు సంగతి భయం వేసింది. ఆ మోత వింటూ శెట్టిగారి అడుగు వెనక అడుగు వేయడం నా వల్ల కాలేదు. వెనక నుంచి డ్రిల్లు మాస్టారు, "ఆగవయ్యా," అని కేకేశారు. వినపడనట్టే దిగిపోయాను.

వాగు దగ్గరికి వచ్చేసరికి కంపపుల్ల కనిపించలేదు. నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. రంగు మారింది. ఆగవలసినవాణ్ణి. దాటేశాను. ఇవతలి గట్టెక్కి వెనక్కి తిరిగేలోపల అది వచ్చింది. గోడలా వచ్చిందని కొందరు చెప్తారు. నేను చూసింది అలా కాదు. నీళ్ళు ఉన్నచోటే ఉబ్బాయి. కంపలు, మొద్దులు, ఎవరిదో పశువుల పాక కప్పు, గోధుమరంగు నురగ. ఐదు నిమిషాల్లో అవతలి గట్టు నాకు దూరమైపోయింది.

అప్పుడు వాళ్ళు కనిపించారు. డ్రిల్లు మాస్టారు లేరు. శెట్టిగారిని వీపున వేసుకుని కాంపౌండరు గారొక్కరే వంగి నడుస్తూ వచ్చారు. బురదలో కాలు దిగబడి ఒకసారి మోకాళ్ళ మీద పడ్డారు. మళ్ళీ లేచారు. ఒక బండ మీద శెట్టిగారిని పడుకోబెట్టి, రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టారు. నేను అరిచాను. వాగు హోరులో నా అరుపు నాకే వినపడలేదు. ఆయన నొక్కుతున్నారు, చెవి ఆనించి వింటున్నారు, మళ్ళీ నొక్కుతున్నారు. ఎంతసేపో చెప్పలేను. ఆ తర్వాత ఆపేశారు. ఊరికే కూర్చున్నారు.

నేను నీళ్ళలోకి దిగాను. ఈత వచ్చు గానీ అలాంటి నీళ్ళలో ఎవరికీ రాదు. నడుం దాకా వచ్చాయి. కాళ్ళ కింద నేల కదులుతోంది. ఆయన తలెత్తి చూసి రెండు చేతులూ అడ్డంగా ఊపారు. ఇంకో అడుగు వేశాను. ఊపడం ఆపి, ఒక్క క్షణం అలాగే నన్ను చూస్తూ ఉండిపోయారు. తర్వాత శెట్టిగారి పక్కకు జరిగి, ఆయన కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తారు. ఆ చెయ్యి గాల్లో రెండుసార్లు ఇటూ అటూ ఊగింది. ఉన్నాడు, బతికే ఉన్నాడు అన్నట్టు. తన రెండో చేత్తో కాంపౌండరు గారు హైవే వైపు చూపించారు. పో, పరిగెత్తు, బండి తీసుకురా.

గట్టెక్కి పరిగెత్తాను. అక్కడి నుంచి హైవేకి రెండున్నర మైళ్ళు. వాన మొదలైంది. ప్రతి అడుగుకీ రేగడి కాళ్ళను పట్టుకుంది. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. ఒకచోట పడి, నోట్లోకి మట్టి పోయి, ఉమ్మేసి మళ్ళీ పరిగెత్తాను. శెట్టిగారి చెయ్యి ఊగడం కళ్ళ ముందు ఉంది. అది ఉన్నంతసేపూ ఆగలేను.

హైవే మీద నాలుగు లారీలు ఆగకుండా పోయాయి. నన్ను చూసి ఎవరు ఆపుతారు? ఒళ్ళంతా మట్టి, మోచేతి నుంచి రక్తం. ఐదో లారీకి అడ్డంగా నిలబడ్డాను. కంచికచర్ల డ్రైవరు. తిట్టడానికి తల బయటపెట్టి, నన్ను చూసి ఆగాడు.

"మనిషి చచ్చిపోతన్నాడండి. క్వారీ దగ్గర. బతికే ఉన్నాడు, చెయ్యెత్తాడు," అన్నాను.

"ఎక్కు," అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

వంతెన మీదుగా తిరిగి, క్వారీ బాటలో అర మైలు పోయాక లారీ దిగబడింది. మిగిలింది నేనూ డ్రైవరూ పరిగెత్తాం. క్వారీ కూలీల పాక ముందు డ్రిల్లు మాస్టారు వానలో నిలబడి ఉన్నారు. మంచం కోసమని ఆయన ముందే అక్కడికి పరిగెత్తారట. పాకలో నులకమంచం మీద శెట్టిగారు. ముఖం మీద కాంపౌండరు గారి తువ్వాలు కప్పి ఉంది. పక్కన నేల మీద కాంపౌండరు గారు కూర్చుని ఉన్నారు.

"ఎంతసేపయింది?" అని అడిగాను.

ఆయన గడియారం తీశారు. దాని వంక చూశారు. "ఇప్పుడే," అన్నారు.

ప్రతిదానికీ అంకె చెప్పే మనిషి ఆ ఒక్కదానికీ చెప్పలేదని అప్పుడు నాకు తట్టలేదు.

శెట్టిగారి ఇంటికి నేను వెళ్ళలేదు. దినానికీ వెళ్ళలేదు. స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఎదురైతే పక్కకి తప్పుకునేవాణ్ణి. దసరా సెలవులు కాగానే అడిగి మరీ నందిగామకి బదిలీ చేయించుకున్నాను. పరుగు మానేశాను. కానీ మనసులో ఆ రెండున్నర మైళ్ళూ రోజూ పరిగెత్తేవాణ్ణి. పడకపోయి ఉంటే రెండు నిమిషాలు. మొదటి లారీకే అడ్డం నిలబడి ఉంటే పది నిమిషాలు. లెక్కల మాస్టారిని గదా, ఎటు తిప్పి వేసినా పావుగంట మిగిలేది. ఆ పావుగంటలో శెట్టిగారు బతికేవారు. క్లాసులో పిల్లవాడు చెయ్యెత్తితే ఒక్కోసారి లెక్క మధ్యలోనే ఆపేసేవాణ్ణి.

మరుసటి ఏడాది ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, ఇంటర్వెల్ వేళ, కాంపౌండరు గారు మా స్కూలు వరండాలో నిలబడి ఉన్నారు. నన్ను చూసి నవ్వలేదు. గొడుగు గోడకి ఆనించి బెంచీ మీద కూర్చున్నారు.

"చిక్కిపోయావని డ్రిల్లు మాస్టారు చెప్పాడు. నువ్వు ఆలస్యంగా వచ్చాననుకుంటన్నావా?"

చేతులకున్న సుద్దపొడి దులుపుకున్నాను.

"నువ్వు నీళ్ళలోకి దిగకముందే పోయాడు అబ్బాయ్. గుట్ట దిగతా నొప్పన్నాడు. వీపున వేసుకున్నా. బండ మీద పడుకోబెట్టేసరికి నాడీ లేదు. అయినా నొక్కా. నువ్వు దిగతన్నావు. వద్దంటే వినట్లా. ఇంకో రెండడుగులు వేస్తే నువ్వూ పోతావు. అందుకని ఆయన చెయ్యెత్తి ఊపా."

నాకు ముందు కోపం వచ్చింది. "పదకొండు నెలలండీ," అన్నాను. "పదకొండు నెలలు నేను పరిగెత్తుతూనే ఉన్నా."

"తెలుసు. ఆ రోజు పాకలోనే చెప్పాల్సింది. నీ మొహం చూసి చెప్పలేకపోయా. తర్వాత నువ్వు దొరకలేదు. నాకూ వచ్చి చెప్పే ధైర్యం లేదు. తప్పు నాదే," అన్నారు. "చచ్చిపోయిన మనిషి చెయ్యి పట్టుకుని ఊపడం ఎట్టా ఉంటదో నీకు చెప్పలేను. ఇప్పటికీ ఎవరి నాడీ పట్టుకున్నా ముందు ఆ బరువే తెలుస్తది," అన్నారు.

బెల్లు కొట్టారు. పిల్లలు లోపలికి పోయారు. నేను కదల్లేదు. అప్పుడు ఆ రెండో సంగతి, ఎవరికీ చెప్పనిది, చెప్పాను. "గుట్ట కింద నేనా మాట అనకపోతే ఆయన ఎక్కేవారు కాదు."

కాదు బాబూ, అదేం కాదు అంటారని ఎదురుచూశాను. నిజం చెప్తున్నాను, అది వినడానికే చెప్పాను.

"అవును, ఎక్కేవాడు కాదు," అన్నారాయన. "నువ్వు ఆ మాట అన్నావు. డ్రిల్లు మాస్టారు తొందరపెట్టాడు. నేను అంకె చూసి కూడా ఊరుకున్నా. గట్టిగా ఆపితే ఆగేవాడు. నాకూ పైకి పోవాలనిపించింది, అందుకని ఆపలేదు. ముగ్గురం ఉన్నాం దీన్లో. నువ్వొక్కడివే మొయ్యబాకు."

అప్పుడు నా చెయ్యి పట్టుకుని గడియారం తీశారు. "ఎనభై ఆరు. ఆదివారం పొద్దున బస్సుకి రా," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆదివారం వెళ్ళాను. ఆయన నన్ను గుట్టకి తీసుకెళ్ళలేదు. తిన్నగా బట్టల కొట్టుకి తీసుకెళ్ళారు. శెట్టిగారి భార్య గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నారు. కొట్టు ఆవిడే నడుపుతున్నారు. నన్ను చూసి, "మీరేనా అల్లుడంటే?" అన్నారు. తలవంచుకున్నాను. ఆ మాట నేనే అన్నానని, గుట్ట ఎక్కించింది నేనేనని నిలబడే చెప్పాను. ఆవిడ చాలాసేపు చేతిలో గుడ్డను మడతలు పెడుతూ ఉండిపోయారు. తర్వాత నన్ను కాదు, కాంపౌండరు గారిని అడిగారు.

"మా వాళ్ళంతా నిద్రలో పోయినట్టు పోయాడని చెప్పారు. నిజమేనా అండి?"

"కాదమ్మా," అన్నారాయన. "బాధపడ్డాడు. పది నిమిషాలు."

"ఏవన్నా అన్నారా?"

"మంచినీళ్ళు అడిగాడు. నా దగ్గర లేవు. చుట్టూ నీళ్ళే. తాగించే నీళ్ళు లేవు."

ఆవిడ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత లోపలికి కేకేసి రెండు గ్లాసుల మంచినీళ్ళు తెప్పించి మాకిచ్చారు. "ఏడాదిగా ఒక్కరూ చెప్పలేదండి నాకు. కూచోండి," అన్నారు. ఆవిడ నన్ను క్షమించారో లేదో తెలియదు. అడగలేదు. ఆ నీళ్ళు మాత్రం తాగాను.

ఆ తర్వాత మేం ముగ్గురం మళ్ళీ పరిగెత్తాం. మొన్నటిదాకా, ఈ పదేళ్ళూ, నెలకి రెండు ఆదివారాలైనా నందిగామ నుంచి బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. ఆయన మారారు. గుట్ట మొదట్లో నాడీ చూసి, వద్దంటే ఇక వద్దే. ఒకసారి డ్రిల్లు మాస్టారు మాట వినకుండా ఎక్కబోతే చొక్కా పట్టుకుని బురదలోకి లాగేశారు. ఇద్దరూ పడ్డారు. లేచి ఇంటిదారి పట్టారు. వానాకాలంలో వాగు దాటే ముందు ఆయన ఉత్తరం వైపు తిరిగి, కళ్ళు మూసుకుని వినేవారు. ఎంతసేపైనా మేం మాట్లాడేవాళ్ళం కాదు. ఒక్కోసారి ఏమీ లేకుండానే, ఆకాశం తేటగా ఉన్నప్పుడు కూడా, "ఇవాళ వద్దు," అని వెనక్కి తిరిగేవారు. ఎందుకని మేం అడగలేదు. అలా తిరిగొచ్చిన రోజుల్లో ఒకరోజు మధ్యాహ్నం వాగు వచ్చిందని విన్నాం. మిగతా రోజుల్లో రాలేదు. అయినా అడగలేదు.

పోయిన నెలలో గుట్ట మొదట్లో కూర్చుని, మొదటిసారి తన చెయ్యి నాకు చాపారు. గడియారం నా చేతిలో పెట్టారు. "నువ్వు చూడు," అన్నారు.

వేలు పెట్టాను. నాలుగు కొట్టి ఒకటి ఆగుతోంది. ఒక్కోసారి రెండు ఆగుతున్నాయి. మళ్ళీ తరుముకొచ్చినట్టు గబగబా కొట్టి, మళ్ళీ ఆగుతోంది. నిమిషం ఎప్పుడు పూర్తయిందో చూసుకోలేదు.

"ఎంత?"

"డెబ్భై రెండండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, చొక్కా మడత కిందికి దించుకున్నారు. "లెక్కల మాస్టారివి," అన్నారు నెమ్మదిగా. "సరేలే. నేనూ నీకొకసారి ఇట్టాగే చెప్పా." ఇద్దరం అక్కడే కూర్చున్నాం. డ్రిల్లు మాస్టారు కూడా ఆ రోజు ఎక్కుదామనలేదు.

గురువారం మధ్యాహ్నానికి పేట చేరాను. పడక మీదే పోయారట. పక్కింటివాళ్ళు నిద్రలో పోయారని చెప్తుంటే ఆయన భార్య ఒప్పుకోలేదు. "లేదు. లేచి కూచున్నారు. ఉత్తరం వైపు చూసి, వస్తంది అన్నారు. ఏం వస్తందో నాకు తెలీలా," అన్నారు. డ్రిల్లు మాస్టారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్ళాం. ఆయనకి మగపిల్లలు లేరు. అన్నగారి కొడుకు నిప్పుకుండ పట్టుకున్నాడు. పాడె వెనక కొమ్ము నేను పట్టాను. ఊరు దాటేసరికి వెనక నుంచి గాలి లేచింది. ముందు కొమ్ము పట్టినాయన, "వానొస్తంది, కాస్త అడుగులు వేయండి," అన్నాడు. వేశాం. రేగడి బాట. రెండు రోజుల కిందటి వానకి ఇంకా మెత్తగానే ఉంది. మొదటి చినుకులు పడ్డాక అడుగులు పెద్దవయ్యాయి. తర్వాత ఎవరూ చెప్పకుండానే నలుగురం పరుగందుకున్నాం. భుజం మీద పాడె ఊగుతోంది. కాళ్ళ కింద మట్టి లాగుతోంది. "మెల్లగా, మెల్లగా," అని ఎవరో అంటున్నారు గానీ మెల్లగా పోవడం ఎవరి వల్లా కావడం లేదు. డ్రిల్లు మాస్టారు వెనకబడిపోయారు. నిప్పుకుండకి గొడుగు పట్టిన మనిషి కూడా వెనకబడ్డాడు.

అన్నగారి కొడుకు ఒక్కడే ముందు పరిగెత్తుతున్నాడు. కుండని పొట్టకి హత్తుకుని, వాన పడకుండా దాని మీదికి వంగిపోయాడు. వెనక నుంచి చూస్తే తల కనిపించడం లేదు. మెడకి రెండు పక్కల నుంచీ తెల్లటి పొగ మాత్రం వస్తోంది. వాన దాన్ని కిందికి కొడుతోంది. అది మళ్ళీ లేస్తోంది.